వెనక బంపరు

కొండన్న వెల్డింగు షాపుకి వచ్చినవాళ్లు కూర్చోడానికి ఉన్నది ఒకే ఒక బల్ల. అది బల్ల కాదని చెరుకు లారీలవాళ్లందరికీ తెలుసు. కొండన్నకి అందరికంటే బాగా తెలుసు. మిగతా లోకం మాత్రం దాన్ని బల్లే అనుకుని, హాయిగా కూర్చుని, టీ తాగి వెళ్లిపోయేది. మనిషి నిలువు కంటే పొడుగున్న ఇనప బాక్సు పైపు. దానికి అటూ ఇటూ మూరెడేసి కాళ్లు. కాళ్ల చివర బోల్టు కన్నాలున్న మందపాటి రేకులు. కాళ్లు కిందికి పెడితే అది బల్ల. తిరగేసి, కాళ్లు పైకి పెట్టి, లారీ వెనకాల ఛాసిస్‌కి బిగిస్తే బంపరు. వెనకనించి వచ్చే చిన్న బండి ఏదైనా లారీ కిందికి దూరిపోకుండా అడ్డం పడాల్సిన వెనక బంపరు.

లారీకొకటి ఉండాలని రూలు. కొండన్న పుణ్యమా అని అతని దగ్గరికి వచ్చే లారీలన్నిటికీ కలిపి ఒకటే ఉండేది. మొదట్లో అందులో పెద్ద కుట్రేమీ లేదు. సీజన్లో లారీ చెరుకు తోటలోకి దిగాలి. గట్టు దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ వెనక బంపరు మట్టికి తగిలి వంగిపోయేది. సరిచేయించుకోలేక విసిగిపోయిన ఓనరొకడు, "తీసి నీ కాడే ఉంచీవయ్యా, ఎఫ్.సి.కి ఎల్లేటప్పుడు బిగిద్దువుగాని" అన్నాడు. అది చూసి రెండోవాడు తను వేరే బంపరు చేయించుకోవడం దండగనుకున్నాడు. కొండన్న అన్ని లారీలకీ ఒకే కొలతలో కన్నాలు వేసిపెట్టాడు. ఏ లారీ ఎఫ్.సి.కి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుకి, వెళ్తే బంపరు ఆ లారీ వెంట వెళ్లేది, సాయంత్రానికి ఇంటికొచ్చి మళ్లీ బల్లయిపోయేది. రోడ్డు మీద తనిఖీ ఉందంటే ఆ కబురు ఎలాగో ముందే అందేది. ముందు లేచి వచ్చినవాడి లారీకి బంపరు, మిగతా లారీలకి ఆ వేళ సెలవు.

"మా బంపరు పాసయినన్ని ఎఫ్.సి.లు ఈ జిల్లాలో ఏ లారీ పాసవలేదు" అనేవాడు కొండన్న, మొహం మీద అద్దాల రేకు పైకెత్తి. ఏళ్ల తరబడి ఈ ఒక్క జోకూ వేసుకుంటూ బతికేశాడు. విన్నవాళ్లు ప్రతిసారీ కొత్తగా నవ్వేవాళ్లు.

రెండువేల ఏడో సంవత్సరం ఫిబ్రవరిలో, సీజను మంచి జోరు మీదున్నప్పుడు, పైడితల్లి వచ్చి ఆ బల్ల మీద కూర్చుంది. ఆ తరవాత కొండన్న ఆ జోకు మళ్లీ వెయ్యలేదు.

*

పైడితల్లిది నక్కపల్లి అవతల సముద్రపు ఒడ్డు. నెత్తిన చేపల బుట్ట, చంకలో వంకర తిరిగిన ఇనప చట్రం పెట్టుకుని వచ్చి షాపు ముందు నిలబడింది.

"కొండన్నంటే నువ్వేనేటి అన్నియ్యా? ఇది నీ సేతి పనేనని మా మావ సెప్పీవోడు. సరిసేసీగలవేటి?"

చట్రం చేతిలోకి తీసుకోగానే కొండన్న పోల్చుకున్నాడు. మోపెడ్ వెనకాల చేపల డబ్బాలు అటొకటి ఇటొకటి పెట్టుకోడానికి జోగులు అనే అతను దగ్గరుండి చేయించుకున్న క్యారియరు. రాసినవాడికి తన దస్తూరీ తెలిసినట్టే వెల్డింగు చేసినవాడికి తన అతుకు తెలుస్తుంది. కమ్ములన్నీ నలిగిపోయాయి గానీ ఒక్క అతుకూ విడలేదు. ముందు దానికి కాస్త సంతోషపడ్డాడు. అంత లావు కమ్మి అలా ఎందుకు వంగిందన్న ఆలోచన ఆ తరవాతే వచ్చింది.

"జోగులు ఇంటిదానివా? ఏటయ్యింది?"

ఆమె బుట్ట దించి బల్ల మీద పెట్టి, దాని పక్కన కూర్చుని చెప్పింది. మొన్న తెల్లారగట్ల మంచులో జోగులు చేపలేసుకుని అడ్డరోడ్డు దారమ్మట వస్తున్నాడు. ముందు చెరుకు లారీ. వెనక్కి వేలాడే చెరుకు ఆకుల్లో ఎర్రలైటు కనపడలేదు. గొయ్యి చూసి లారీ ఆగింది. ఇతను ఆపుకోలేకపోయాడు.

"బండి బండిలాగే లారీ కిందకెల్లిపోనాది అన్నియ్యా. మనిసి మొకం ఎనక తలుపుకి కొట్టీసుకున్నాది. దవడ నుజ్జయిపోనాది. విశాపట్నం పెద్దాసుపత్రిలో తీగలేసి కట్టినారు. గొట్టంతో పాలు పోస్తన్నాం. మాట నేదు."

"ఏ లారీ?" అన్నాడు కొండన్న. అడిగాక, అడక్కుండా ఉంటే బాగుండేదనిపించింది.

"ఎవులో దొరబాబుగారిదంట."

కొండన్న చట్రం కింద పెట్టేశాడు. సీజను మొదట్లో, ఎఫ్.సి. అయిన మర్నాడే, దొరబాబు లారీనించి బంపరు విప్పింది తనే. ఆ బోల్టులు ఇంకా కిరసనాయిలు డబ్బాలో ఉన్నాయి. ఆ బంపరు మీద ఈవిడ కూర్చుని ఉంది. లేమ్మా అనాలని నోటిదాకా వచ్చింది. లేపి ఎక్కడ కూర్చోమంటాడు? షాపులో ఉన్నది అదొక్కటే.

"ఎండొచ్చీసింది. అటు లోపలికి జరిగి కూకో సెల్లెమ్మా" అన్నాడు.

"పర్నేదన్నియ్యా. ఈ బల్ల సల్లగా బాగుంది."

ఇంతలో కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందో దేవుడికి తప్ప ఎవరికీ తెలీదు. రేపు రమ్మంటే ఆమె వినలేదు. ఆ క్యారియరు తన తమ్ముడి బండికి వేస్తే వాడు ఒడ్డునించి సరుకు తెస్తాడట, తను అమ్ముతుందట. అప్పటిదాకా ఇలా బస్సులో ఒక్క బుట్టే. బస్సులో చేపల బుట్టని ఎక్కనిచ్చే కండక్టరు దొరకడం కూడా అదృష్టమే. అందుకని సందుల్లో తిరిగి అమ్ముకుని, మిగిలిన చేపలతో మళ్లీ వచ్చి అదే బల్ల మీద కూర్చుంది. బుట్ట అడుగునించి ఉప్పునీరు చుక్కచుక్కగా బల్ల మీదికి దిగుతోంది. ఎంతమంది కూర్చుని లేచారో, బల్ల మధ్యలో రంగు పోయి ఉత్త ఇనుము తేలి ఉంది.

కొండన్న కరెంటు లేకుండా చేయగలిగినంత పని చేశాడు. కమ్మిని దిమ్మ మీద పెట్టి సమ్మెటతో కొట్టాడు. ఒక కన్ను మూసి చూశాడు, మళ్లీ కొట్టాడు. దెబ్బ దెబ్బకీ ఆమె మాట్లాడుతూనే ఉంది.

"ఆ డ్రైవరు, మావ తాగీసి తూలుకుంటా వొచ్చి గుద్దీసినాడని రాయించీసినాడంట. మావ నోట్లో సుక్క పడదన్నియ్యా. సేపల కాడ వాసనొస్తాదనీసి సుట్ట కూడా కాల్చడు. బ్రేకు ఇనస్పెట్టరుగారొచ్చి లారీని సూస్తారంట. ఆయన రాసిందాన్ని బట్టి తప్పెవులిదో తేలుతాదంట. డబ్బులొస్తాయో రావో, ఆ సంగతి ఒగ్గీ. మావ మంచం మీంచి సైగలు సేసి అదే అడుగుతన్నాడు, తప్పు నాదా అని. నానేటి సెప్పను?"

కొండన్న భార్య లోవలక్ష్మి ఇంట్లోంచి టీ తెచ్చి ఇచ్చింది. షాపు వెనకే ఇల్లు. సంగతంతా విని, చీర చెంగుతో కళ్లు తుడుచుకుని, "ఆ లారీవోడి సేతులు పడిపోనూ" అంది. కొండన్న సమ్మెట దింపేసి తన చేతులు చూసుకున్నాడు. నిప్పురవ్వలు పడి మచ్చలు తేలిన చేతులు. టీ తాగాలనిపించక గ్లాసు పక్కన పెట్టేశాడు.

చెప్పేస్తే అయిపోయేది. నువ్వు కూర్చున్నదే ఆ లారీకి ఉండాల్సిన బంపరమ్మా, తీసింది నేనమ్మా అని రెండు ముక్కలు. కానీ రెండు ముక్కలు చెప్పడానికి ఎంత సిగ్గు చంపుకోవాలో, చెప్పాల్సి వచ్చినవాడికి గానీ తెలీదు. కొండన్న సాయంత్రందాకా సమ్మెట కొడుతూనే గడిపేశాడు.

*

మర్నాడూ అదే వరస. పొద్దున్నే వచ్చింది, బుట్ట బల్ల మీద పెట్టింది, నిన్న పెట్టిన చోటే పెట్టింది. కరెంటు వచ్చింది, పోయింది. రెండు అతుకులు పడ్డాయి. భోజనాల వేళకి ఆమె, రేపు స్టేషనువాళ్లు రమ్మన్నారనీ, బ్రేకు ఇన్‌స్పెక్టరు వస్తున్నారనీ చెప్పి బస్సుకి వెళ్లిపోయింది. వెళ్తూ, "నిన్నటాల నించి నా పని మీదే ఉన్నావు అన్నియ్యా. నీ రునముంచుకోను" అంది.

ఆమె అటు వెళ్లిందో లేదో దొరబాబు మోటారు సైకిలు వచ్చి ఆగింది.

దొరబాబు చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే కొండన్నకి పని సులువయ్యేది. మాకవరపాలెం దగ్గర భూములు, రెండు లారీలు, మనిషి ఎదురైతే ముందు తనే పలకరించే గుణం. ఒకసారి గాలివానకి షాపు కప్పు ఎగిరిపోతే అడక్కుండానే ఇనప రేకులు పంపినవాడు. ఆ రేకుల కిందే కొండన్న ఇప్పుడు నిలబడి ఉన్నాడు.

"కొండన్నా, ఆసుపత్రికెల్లి ఆ జోగుల్ని సూసొచ్చినాను. పళ్లట్టుకెళ్లినాను. నోట్లో పెట్టలేడు పాపం" అంటూ బల్ల మీద కూర్చున్నాడు దొరబాబు. "రేపు కొత్త బ్రేకుగారొస్తన్నారు. కుర్రోడు. స్టేషన్లో సోటు నేక లారీని కాటా కాడ పెట్టినారు. సాయంత్రం ఒచ్చి దీన్ని బిగించీ."

"ఆవేళ లేదు కదండీ" అన్నాడు కొండన్న.

"ఉందో లేదో ఎవులు సూసినారు? మంచు."

"ఆ మనిసి సూసినాడు కదండీ."

"ఆడు మాటాడలేడు." ఆ మాట అన్నాక దొరబాబుకే ఎబ్బెట్టుగా అనిపించినట్టుంది, తల దించుకుని ప్యాంటు మీద లేని దుమ్ము దులుపుకున్నాడు. "అది కాదయ్యా. బంపరు లేదని రాసినారనుకో, నా లారీ నిలబడిపోతాది. ఎందుకు నేదని అడుగుతారు. ఎవులు తీసినారని అడుగుతారు. నానేటి సెప్పమంటావు? నీ పేరు సెప్పడం నాకిష్టమేటి?"

గొంతు పెంచలేదు, బెదిరించలేదు. స్నేహితుడికి జాగ్రత్త చెప్పినట్టే చెప్పాడు. కొండన్న పైన ఉన్న రేకుల వంక చూశాడు. తరవాత కిరసనాయిలు డబ్బాలో చెయ్యి పెట్టి బోల్టులు ఒక్కొక్కటే బయటికి తీశాడు.

కాటా ఊరి చివర. తూకానికి వచ్చిన ఎడ్లబళ్లు, ట్రాక్టర్లు వరసలో ఉన్నాయి. దొరబాబు లారీ ఓ పక్కగా, రేగిచెట్ల దగ్గర, కాపలా లేకుండా ఒంటరిగా నిలబడి ఉంది. కొండన్న గోనెసంచి పరుచుకుని లారీ కిందికి వెల్లకిలా జరిగాడు. బోల్టు కన్నాల్లో పేరుకున్న మట్టి పొడుస్తుంటే, కాస్త లోపలగా, అడ్డ ఇనుము మీద నీలం రంగు గీత కనపడింది. జోగులు మోపెడ్ నీలమే. గీత పక్కన ఎండి అతుక్కున్న చేపపొలుసు ఒకటి. బంపరు ఉండి ఉంటే ఆ మోపెడ్ అంత లోపలికి వచ్చేది కాదు. ఇది తెలియడానికి ఇన్‌స్పెక్టరే అక్కర్లేదు, కళ్లున్నవాడెవడైనా చాలు.

"అక్కడేదైనా గీతా గట్రా ఉంటే తుడిచీ" అన్నాడు దొరబాబు పైనించి.

కొండన్న తుడిచేశాడు. కిరసనాయిలు గుడ్డతో రెండుసార్లు తుడిచాడు. పొలుసు ఊడలేదు, గోటితో గీకాడు.

బంపరు ఎత్తి, నాలుగు బోల్టులూ బిగించి, వెనకనించి వచ్చేవాళ్లకి కనపడే పక్క పసుపూ నలుపూ చారలు కొట్టాడు. కొత్తగా మెరవకుండా డీజిలూ మట్టీ కలిపి మెత్తాడు. నట్ల మీద కూడా మెత్తాడు. చేసే పని ఏదైనా వొళ్లు దాచుకోకుండా చెయ్యడం అతని అలవాటు, దొంగపనికీ ఆ అలవాటు తప్పలేదు. ఒక్క అడుగు పక్క మాత్రం వదిలేశాడు. బల్లగా ఉన్నప్పుడు అందరూ కూర్చునే వైపు ఇప్పుడు నేల వైపు తిరిగి ఉంది. దాన్ని వంగి ఎవరు చూస్తారు?

ఆ రాత్రి గోటి కింద ఇంకా చేప వాసన వస్తోందని రెండుసార్లు లేచి చేతులు కడుక్కున్నాడు.

*

కొత్త బ్రేకు ఇన్‌స్పెక్టరు నిజంగానే కుర్రాడు. జీపు దిగుతూనే చొక్కా చేతులు మడిచి పనిలో పడ్డాడు. బ్రేకు తొక్కించాడు, లైట్లు వేయించాడు, టైర్లు తట్టాడు. ఏ బోల్టైనా విప్పమంటే విప్పడానికి ఉండమని దొరబాబు చెప్పడంతో, కొండన్న పానా జేబులో పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. కానిస్టేబులు చెట్టు కింద బీడీ ముట్టించాడు. పైడితల్లి బస్సు దిగి, బుట్టతోనే వచ్చింది. కొండన్నని చూసి ఆమె మొహం తేటపడింది.

"నువ్వూ ఒచ్చినావా అన్నియ్యా" అంది, తన తరఫునే వచ్చాడనుకుని.

కొండన్నకి భూమి చీలిపోయినా బాగుండుననిపించింది.

ఇన్‌స్పెక్టరు లారీ వెనక్కి వచ్చాడు. బంపర్ని బూటుతో తన్ని చూశాడు. టేపు తీసి నేలనించి ఎత్తు కొలిచాడు.

"బంపరు ఉంది. ఎత్తు కూడా సరిగానే ఉంది. మరి మోపెడ్ కిందికి ఎలా వెళ్లింది?"

"పడి జారిపోనాడండి. నిలకడలో లేడు కదండీ" అన్నాడు దొరబాబు.

"దీనికి సొట్ట కూడా లేదే."

"మోపెడ్డెంతండి, సైకిలుకి ఎక్కువ, మోటారు సైకిలుకి తక్కువ."

కుర్రాడు కాసేపు గడ్డం రుద్దుకున్నాడు. అనుమానం మొహంలో కనపడుతూనే ఉంది. "సరే. నాకు కనపడిందే నేను రాయగలను" అని కలం తీశాడు.

పైడితల్లికి ఎంత అర్థమైందో ఏమో, ఎండకి తాళలేక లారీ వెనక నీడలో, నేల మీద గొంతుక్కూర్చుని ఉంది. నిలబడ్డవాళ్లందరికీ బంపరు మోకాళ్ల దగ్గర ఉంటే, ఆమెకి కళ్ల ముందే ఉంది. ఆమె తల కాస్త వంచి దాని అడుగుకేసి చూసింది. చెయ్యి పెట్టి తడిమింది. అక్కడ, రంగు లేని ఇనుము మీద, గుండ్రంగా ఎర్రటి తుప్పు మరక ఉంది.

"అన్నియ్యా" అంది ఆశ్చర్యంగా. "నీ బల్ల ఇక్కడికెలాగొచ్చినాది?"

అందరూ ఆమెకేసి చూశారు. తరవాత కొండన్నకేసి చూశారు.

"ఏమంటోందావిడ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

దొరబాబు నవ్వేశాడు. "ఏదో అంటన్నాదండి. మనసు బాగోనేదు పాపం."

"అన్నీ ఒకలాగే ఉంతాయి సెల్లెమ్మా" అన్నాడు కొండన్న. "ఇది లారీది."

అన్నాక, ఆమె ఎదురు చెప్తుందనుకున్నాడు. తిడుతుందేమో, మరక చూపించి రచ్చ చేస్తుందేమో అనుకున్నాడు. అలా జరిగితే తనూ గట్టిగా అరిచి అబద్ధం మీద నిలబడిపోయి ఉండేవాడేమో. ఆమె అదేదీ చెయ్యలేదు. తల ఊపింది.

"అంతేనేమోలే. రెండ్రోజులు దాని మీదే కూకున్నాను కదా, అలగనిపించినాది." ఇన్‌స్పెక్టరుకేసి తిరిగి, అతను ఏమైనా అనుకుంటాడేమోనని మొహమాటంగా నవ్వింది. "ఈ అన్నియ్య శానా మంచోడు బాబూ. మా మావ సామాను ఈయనే సేసినాడు. ఇప్పుడూ ఈయనే బాగుసేస్తన్నాడు. ఈయన నేదంటే నేదే."

ఇన్‌స్పెక్టరు కలం కాయితం మీద ఆనించాడు.

కొండన్న జేబులోంచి పానా తీశాడు. తీసినట్టు తనకే తెలియదు. లారీ వెనక మోకాళ్ల మీద కూర్చుని మొదటి నట్టుకి పానా తగిలించాడు. "ఏటి కొండన్నా, ఏటిది?" అన్నాడు దొరబాబు. నిన్న మెత్తిన డీజిలు మట్టి చేతికి అంటుకుంది. నట్టు తేలిగ్గా తిరిగింది. ఏడాది పొడుగునా బురదలో తిరిగిన లారీకి నట్టు అలా తిరగదు. అది గమనించి ఇన్‌స్పెక్టరు కలం ఎత్తేశాడు. రెండోది, మూడోది, నాలుగోది. బంపరు బరువు భుజం మీద పడింది. కొండన్న దాన్ని దించి, తిరగేసి, కాళ్లు కిందికి పెట్టి, పైడితల్లి ముందు దుమ్ములో నిలబెట్టాడు.

అది మళ్లీ బల్లయింది.

పైడితల్లి బల్లకేసి చూసింది. తరవాత తన బుట్ట తీసి, అడుగు తుడిచి, మరక మీద పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"నిన్న సాయంత్రం బిగించినానండి" అన్నాడు కొండన్న ఇన్‌స్పెక్టరుతో. "ఇది నా షాపులో ఉంతాది. ఎఫ్.సి.కి ఏ లారీ వొస్తే దానికి ఏస్తాను. లోపల అడ్డ ఇనుం మీద నీలం రంగు గీసుకునుందండి. తుడిచీసినాను. నానే తుడిచినాను."

దొరబాబు మోటారు సైకిలు వైపు నడిచాడు. వెళ్తూ కొండన్న వంక చూడలేదు. ఇన్‌స్పెక్టరు టార్చీ తీసుకుని లారీ కిందికి వంగాడు.

పైడితల్లి ఇంకా బల్ల దగ్గరే ఉంది.

"మరి ఆవేళ ఇదెక్కడుంది అన్నియ్యా?"

"నా షాపులో."

"ఇప్పిందెవులు?"

"నానే."

ఆమె బుట్ట తీసేసుకుంది. తిట్టలేదు. నిన్నా మొన్నా తను అక్కడ కూర్చుని చెప్పుకున్న మాటలన్నీ గుర్తొచ్చాయో ఏమో, చీర వెనక వైపు దులుపుకుంది. దులిపి దులిపి, దులుపుతూనే ఉంది.

*

బంపర్ని స్టేషనువాళ్లు పట్టుకుపోయారు. చెరుకు లారీలు షాపు ముందునించే వెళ్తున్నాయి గానీ ఆగడం మానేశాయి. లోవలక్ష్మికి సంగతి ఊరే చెప్పింది. మొగుడితో ఆమె ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు మాట్లాడింది గానీ లారీ మాట ఎత్తలేదు. ఆ రోజు తను పెట్టిన శాపనార్థం గుర్తొచ్చినట్టుంది, అతని చేతులకేసి చూడకుండా అన్నం వడ్డించింది.

కొన్నాళ్లకి పైడితల్లి వచ్చింది. తమ్ముడు మత్స్యరాజు మోపెడ్ తోసుకొచ్చి స్టాండు వేసి, వక్కపొడి కొనుక్కోడానికి ఎదురు కొట్టుకి వెళ్లాడు. క్యారియరు ఎప్పుడో అయిపోయింది. కొండన్న దానికి నల్ల రంగు కూడా వేసి, రోజూ దుమ్ము తుడుస్తున్నాడు. బల్ల ఉండే చోట కొత్త ప్లాస్టిక్ కుర్చీ కొని పెట్టాడు.

"కూకో సెల్లెమ్మా."

ఆమె కుర్చీ చూసింది. "పర్నేదు" అంది. కూర్చోలేదు. నెత్తి మీద బుట్ట కూడా దించలేదు. ఉప్పునీరు భుజం మీదికి కారుతుంటే కారనిచ్చింది.

కొండన్న క్యారియరు మోపెడ్‌కి ఆనించి బోల్టులు బిగించడం మొదలుపెట్టాడు. మూడో బోల్టు దగ్గర, "జోగులెలాగున్నాడు?" అన్నాడు.

"ఉన్నాడు. తప్పు నీది కాదు మావా అని సెప్పినాను. ఇనస్పెట్టరుగారు రాసినారని సెప్పినాను. ఏడిసినాడు." ఆమె బుట్ట సర్దుకుంది. "మరెవులిదని సైగ సేసినాడు. లారీవోళ్లదని సెప్పినాను. నీ పేరు సెప్పనేదు. ఈ కేరియరు సేసినోడంటే ఆడికి శానా ఇష్టం."

కొండన్న పానా జారి వేలికి తగిలింది. నెత్తురు వచ్చింది. గుడ్డ చుట్టుకోకుండా అలాగే నాలుగో బోల్టూ బిగించాడు. క్యారియర్ని పట్టుకుని ఊపి చూపించాడు. కదల్లేదు.

"గట్టిగా బిగించినావా?" అంది.

"బిగించినాను."

"మళ్లీ ఎవులైనా వొచ్చి అడిగితే ఇప్పీవు కదా?"

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. కొట్లో సరుకు కొనేవాళ్లు మంచిదో కాదో అడిగినట్టు అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

కొండన్న లోపలికి వెళ్లి వెల్డింగు తీగ లాక్కొచ్చాడు. ఆ వేళ కరెంటు ఉంది. మోపెడ్ బ్యాటరీ తీగ ఊడదీసి, అద్దాల రేకు మొహం మీదికి లాక్కుని, ఒక్కో నట్టునీ దాని బోల్టుకే కలిపి అతికేశాడు. ఇంక ఏ పానా వాటిని విప్పలేదు, విప్పాలంటే కోసుకోవాల్సిందే. రవ్వలు ఎగురుతుంటే పైడితల్లి ఆ వెలుగు కళ్లలో పడకుండా మొహం పక్కకి తిప్పుకుంది. పక్కనే కుర్చీ ఉంది. ఆఖరి నట్టు చల్లారేదాకా ఆమె బుట్ట నెత్తిన పెట్టుకుని నిలబడే ఉంది.